వెనక్కి తిరిగే తరగతి

లిదియా టీచర్‌కు చప్పుడంటే పడదు. కామారెడ్డిలో ఆమె ఇంటి ఎదురుగా ఉన్న వెల్డింగు షాపతను ఆమె గేటు తీసుకుని బయటకొస్తుంటే మిషను ఆపేస్తాడు. ఆమె ఎక్కే ఎల్లారెడ్డి బస్సులో ఫోన్లో పాటలు పెట్టుకునే కుర్రాళ్లు ఆమెను చూడగానే ఫోను జేబులో వేసుకుంటారు. ఆమె ఎవరినీ తిట్టదు. ఊరికే చూస్తుంది. ఆ చూపు చాలు.

అలాంటి మనిషిని జూన్‌లో బదిలీ చేసి, ఎల్లారెడ్డి ఇంకో ఆరు కిలోమీటర్లుందనగా రోడ్డు పక్కన వచ్చే ఒక ఊరి హైస్కూలుకు వేశారు. పైగా ఏడో తరగతికి క్లాస్ టీచర్ని చేశారు. ముప్పై ఒక్కమంది పిల్లలు, ముప్పై ఒక్క నోళ్లు.

చెడ్డ మనిషి కాదు, ఆ మాట ముందే చెప్పేయాలి. పద్నాలుగేళ్ల సర్వీసులో పిల్లల మీద చెయ్యెత్తింది లేదు. వాన పడినా, బస్సు ఆలస్యమైనా మొదటి గంటకు బడిలో ఉంటుంది. రంగు సుద్దముక్కలు తానే కొనుక్కొస్తుంది. ఆమె చెప్పేది సోషల్. బోర్డు మీద భారతదేశం పటం గీసిందంటే అచ్చువేసినట్టు ఉంటుంది. చేత్తో గీస్తూ, నోటితో చెబుతూ పోతుంది. నలభై నిమిషాల పీరియడులో ముప్పై నిమిషాలు ఆమె మొహం బోర్డుకే ఉంటుంది. పటాలు గీసే టీచర్లందరికీ ఉన్న అలవాటే ఇది. గీయడం, చెప్పడం రెండూ ఒకేసారి అయిపోతే టైము కలిసొస్తుందని వాళ్ల ఆశ.

మొదటి వారంలోనే ఆమెకు ఒక సంగతి తగిలింది. తను బోర్డు వైపు నుంచి ఇటు తిరిగే సరికి ఎవరో ఒకరు వెనక్కి తిరిగి ఉంటారు. ఎక్కువగా రెండో బెంచీలో కూర్చునే కృపాజ్యోతి. సన్నగా, రెండు జడలతో, ఒకచోట కుదురుగా ఉండలేని పిల్ల. టీచర్ తిరగగానే గిరుక్కున ముందుకు తిరిగేది.

"ఏం కృపాజ్యోతీ, పాఠం ఇక్కడ ఉందా, వెనక ఉందా?"

పిల్లలంతా నవ్వారు. కృపాజ్యోతి కూడా నవ్వింది. మూడో బెంచీలో, సరిగ్గా ఆమె వెనక కూర్చున్న అనిల అనే పిల్ల మాత్రం అందరూ నవ్వాక, ఒక క్షణం ఆలస్యంగా నవ్వింది. లిదియా టీచర్ ఆ ఆలస్యాన్ని చూసింది, చూసి వదిలేసింది. మందకొడి పిల్ల అనుకుంది.

రెండో వారంలో కృపాజ్యోతిని నిలబెట్టింది. మూడో వారంలో తీసుకెళ్లి కిటికీ పక్కన, ఆ చివర బెంచీలో కూర్చోబెట్టింది. పీడ విరగడైందనుకుంది. మర్నాడు కృపాజ్యోతి ఖాళీ చేసిన చోట సంపత్ అనే పిల్లవాడు కూర్చున్నాడు. వాడు కూడా వెనక్కి తిరిగాడు. వాడిని మార్చింది. వాడి చోటుకు ఇంకో పిల్ల వచ్చింది. ఆ పిల్ల కూడా అంతే.

ఇది లిదియా టీచర్‌కు పంతమైపోయింది. ఒకళ్లను లేపితే ఇంకొకళ్లు, ఆ పిల్లను పక్కకు పంపితే ఇవతలి వరుస నుంచి ఇంకొకడు మెడ తిప్పుతున్నాడు. తిరిగినవాళ్లు ఏం మాట్లాడుతున్నారో వినపడదు. అదే ఆమెను మరీ మండించింది. అల్లరంటే అల్లరిగా ఉండాలి గానీ, ఈ దొంగ గుసగుసలేంటి! బల్లలన్నీ దూరం దూరం జరిపించింది. తిరిగినవాళ్లు పీరియడు అయ్యేదాకా నిలబడాలంది. ఒకరోజు ఏకంగా పదకొండు మంది నిలబడ్డారు. పదకొండు మందిలో ఒక్కరు కూడా ఎందుకు తిరిగారో చెప్పలేదు. తలలు వంచుకుని నిలబడ్డారంతే.

జులై మొదటి వారం దాటేసరికి లిదియా టీచర్ గెలిచింది. ఏడో తరగతిలో ఎవరూ వెనక్కి తిరగడం లేదు. హెడ్మాస్టర్ బాలనర్సయ్య సారు వరండాలో ఆగి మరీ మెచ్చుకున్నాడు.

"మేడం, మీ క్లాసు ముందుంచి పోతుంటే పిల్లలున్నరో లేరో అనిపిస్తున్నది. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న, గింత ఖామోష్‌గా ఎన్నడు లేకుండె."

ఆ రోజు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. లిదియా టీచర్ కామారెడ్డి దాకా హాయిగా నిద్రపోయింది.

అదే నెల చివర పరీక్ష పెట్టింది. పేపర్లు దిద్దుతూ అనిల కాగితం దగ్గర ఆగిపోయింది. జూన్‌లో పెట్టిన చిన్న పరీక్షలో ఇరవైకి పద్నాలుగు తెచ్చుకున్న పిల్ల. ఇప్పుడు జవాబుల చోట ప్రశ్నలనే ముత్యాల్లాంటి అక్షరాలతో మళ్లీ రాసిపెట్టింది. ఇరవైకి రెండు. నోటుబుక్కు తెప్పించి చూస్తే జూన్ నెలంతా నిండుగా ఉంది. జులై నుంచి బోర్డు మీద రాసినవి మాత్రమే ఉన్నాయి, మిగతా పేజీ అంతా తెలుపు. హాజరు పిలిచేటప్పుడు కూడా రెండుసార్లు పలకలేదని, పరధ్యానం ఎక్కువైందని లిదియా టీచరే కసిరింది. పెద్దవాళ్లను తీసుకురమ్మని చెప్పింది. అనిల ఆమె మొహం వైపే చూస్తూ తలూపింది.

మర్నాటి నుంచి అనిల బడికి రాలేదు.

మూడు రోజులు చూశారు. వారం చూశారు. పిల్ల వాళ్ల నాయనమ్మ పోచవ్వ దగ్గర ఉంటుందనీ, తల్లిదండ్రులు భిక్నూరు దగ్గర హైవే మీద ధాబాలో పనిచేస్తారనీ బాలనర్సయ్య సారు చెప్పాడు. ఫోను చేస్తే తండ్రి ఎత్తి, దానికి చదువు ఎక్కుతలేదు సార్, దసరాకొచ్చి తోలుకపోత, ఈడ గిన్నెలు కడిగేతందుకు మనిషి కావాలె అన్నాడట. పన్నెండేళ్ల పిల్ల. దసరా ఇంకా రెండు నెలలు కూడా లేదు.

లిదియా టీచర్‌కు ఆ మాట గుండెల్లో ముల్లులా దిగింది. ఏదో ఒకరోజు వాళ్లింటికి వెళ్లాలనుకుంది. ఏదో ఒకరోజు అని ఎందుకనుకుందంటే, తన తప్పేమీ లేదని ఆమె గట్టి నమ్మకం.

ఆగస్టులో ఒక పొద్దున, ఎనిమిదింపావుకు, ఊరింకా అర కిలోమీటరుందనగా బస్సు ఆగింది. ముందు ఎవరిదో ట్రాక్టరు ట్రాలీ చక్రం రోడ్డు అంచు దిగి బురదలో కూరుకుపోయింది. డ్రైవరు, కండక్టరు దిగి తలా ఒక సలహా ఇస్తున్నారు. ట్రాక్టరు ఇంజను చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. లిదియా టీచర్ మొహం చిట్లించి కిటికీ లోంచి బయటకు చూసింది.

రోడ్డు పక్కన కల్వర్టు గోడ మీద కృపాజ్యోతి నిలబడి ఉంది. భుజానికి బడి సంచి. పక్కనే సంపత్ నోటుబుక్కు తెరిచి ఆమెకు కనపడేలా పట్టుకున్నాడు. కల్వర్టు కింద పారే ఒర్రెకు అవతల, నూటయాభై అడుగుల దూరంలో, గట్టు మీద రెండు బర్రెలు మేస్తున్నాయి. వాటి దగ్గర కర్ర పట్టుకుని నిలబడిన పిల్ల అనిల.

కృపాజ్యోతి నోరు తెరిచి, మూసి, పెద్దగా ఏదో చెబుతోంది. చేతులు గాల్లో ఊపుతోంది. పోట్లాడుకుంటున్నారనుకుంది లిదియా టీచర్. ఇంత దూరం నుంచి, ఈ ఇంజను మోతలో ఎంత అరిచినా ఏం వినపడుతుంది? పిచ్చి పిల్లలు.

అప్పుడు కృపాజ్యోతి రెండు చేతులతో గాల్లో ఒక గీత గీసింది. పైన వెడల్పుగా మొదలై, రెండు వైపుల నుంచీ వంపు తిరిగి వచ్చి, కింద ఒక మొనలో కలిసింది. లిదియా టీచర్ సీటులో నిటారుగా కూర్చుంది. ఆ ఆకారం ఆమెకు తెలుసు. రోజూ బోర్డు మీద తను గీసేదే.

ఎడమ వైపు అరచేతిని అలలా ఆడించింది కృపాజ్యోతి. సముద్రం. పిడికిలి బిగించి కణుపులు పైకి పెట్టింది. పడమటి కనుమలు. ఇంకో చేతిని సముద్రం మీదుగా ఊదుకుంటూ తెచ్చి ఆ కణుపులకు ఢీకొట్టించి పైకి లేపింది. వేళ్లన్నీ కదిలిస్తూ కిందికి దించింది. వాన. పిడికిలికి ఇటు వైపు, తన కాళ్ల కింద నేల చూపించి, అరచెయ్యి అడ్డంగా ఊపింది. ఇటు వాన తక్కువ.

నిన్న మూడో పీరియడులో లిదియా టీచర్ చెప్పిన పాఠం అది. నైరుతి రుతుపవనాలు.

అవతల అనిల ఒక్కసారి ఆకాశం వైపు వేలు చూపించింది. మబ్బులు కమ్ముకుని ఉన్నాయి. గట్టు కింద నీళ్లు నిండిన మడి చూపించింది. చేతులు రెండూ విప్పి భుజాలెగరేసింది. కొండ అడ్డమైతే మరి ఈ వాన ఎక్కడిది అంటోంది!

కృపాజ్యోతి తల గోక్కుంది. సంపత్ గబగబా పేజీ తిప్పి, నోటుబుక్కు చంకన పెట్టుకుని, తనూ గోడెక్కాడు. పటానికి కుడి వైపు నుంచి, తూర్పు సముద్రం మీదుగా రెండో చేతిని చుట్టి తెచ్చాడు. వాన వేళ్లను తన నెత్తి మీదే కురిపించుకున్నాడు. అవతల ఆ పిల్ల అర్థమైనట్టు కర్ర పైకెత్తి ఊపింది.

లిదియా టీచర్ పద్నాలుగేళ్లుగా ఆ పాఠం చెబుతోంది. ఎన్ని వందల మందికి చెప్పిందో. ఆ ప్రశ్న ఏ పిల్లా అడగలేదు. ఈ పిల్ల బడి మానేసి, బర్రెల దగ్గర నిలబడి, ఒర్రె అవతల నుంచి అడిగింది. ఒక్క శబ్దం లేకుండా అడిగింది. ఒక్క శబ్దం లేకుండా జవాబు తెచ్చుకుంది.

బస్సు కదలబోతుంటే ఆమె "ఆపండి, ఆపండి" అని అరిచి దిగిపోయింది. అంత గట్టిగా ఆమె అరవడం ఆ బస్సులో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

టీచర్ని చూడగానే సంపత్ గోడ మీద నుంచి దూకాడు. అనిల బర్రెల వెనక్కి తప్పుకుంది. కృపాజ్యోతి మాత్రం పారిపోలేదు. నిలబెట్టడాలకు అలవాటుపడిన పిల్ల కదా, ఇక్కడా అలాగే తల వంచుకుని నిలబడింది.

"అనిలకు వినపడదా?" అంది లిదియా టీచర్.

"జరంత ఇనవడ్తది టీచర్. దగ్గరికొచ్చి గట్టిగంటే. చిన్నగున్నప్పుడు జరమొచ్చిందట, అప్పట్సంది గంతే." కృపాజ్యోతి కళ్లెత్తింది. "ఎవ్వరికి చెప్పొద్దన్నది పోచవ్వ. చెప్తే దూరం బడికి తోలుతరట. అందుకే మేం అందిస్తం."

"అందించడమేంటి?"

"మీరు చెప్పేది మేం ఇని దానికి అందిస్తం. పెదవులతోటి. పెద్ద మాటలైతే చేతులతోటి. రెండో తరగతి సంది అందిస్తున్నం."

"అయిదేళ్లుగానా?"

"అవ్ టీచర్. ముందట్ల నేనొక్కదాన్నే. నాది రాసుకునుడు కాకపోతుండె. ఇగ అందరం వంతులేసుకున్నం. సోమారం నేను, మంగళారం సంపత్. అందించేటోళ్లది పక్కోళ్లు రాసిపెడ్తరు."

"మరి... ముందు బెంచీలో కూర్చుంటే నా మొహం చూసేది కదా?"

ఇద్దరు పిల్లలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జవాబు సంపత్ చెప్పాడు, భయం భయంగా. "ముందు కూసుంటే అడుగుతరు, దొరికిపోతది టీచర్. అయినా... మీ మొఖం మాకు గూడ కనవడది కద."

లిదియా టీచర్ ఒర్రె వైపు చూసింది. బర్రెలే ఉన్నాయి.

ఆ రోజు మొదటి పీరియడు ఆమె బోర్డు ముట్టుకోలేదు. పిల్లల వైపు తిరిగి నిలబడి, "అనిలకు అందించేవాళ్లు ఎంతమంది?" అని అడిగింది. క్లాసు బిగుసుకుపోయింది. కృపాజ్యోతి మొదట లేచింది, తరువాత సంపత్. ఆ తరువాత బెంచీలు ఒకదాని వెనక ఒకటి కిర్రుమన్నాయి. ముప్పై మందీ లేచి నిలబడ్డారు. అందరిలోకి పొట్టివాడు, అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు, వాడు కూడా లేచాడు. వాడి వంతు శనివారం అట. డ్రాయింగు, ఆటలు ఉంటాయి కాబట్టి వాడికి ఆ రోజు ఇచ్చారట. ఎవరికి ఏది చేతనవుతుందో చూసి మరీ పంచుకున్నారు.

రెండో పీరియడు దివాకర్ సారు లెక్కల క్లాసు. లిదియా టీచర్ ఆయన్ను అడిగి, వెళ్లి మూడో బెంచీలో అనిల చోట కూర్చుంది. మోకాళ్లు బల్లకు తగిలాయి. బడి మందుల పెట్టెలోంచి తెచ్చుకున్న దూది రెండు చెవుల్లో కుక్కుకుని, పైన వేళ్లతో నొక్కి పట్టుకుంది. తన ముందున్న బెంచీలో సంపత్‌ను కూర్చోబెట్టి, "నేనే అనిల అనుకో. అందించు" అంది.

దివాకర్ సారు బోర్డు వైపు తిరిగి భిన్నాలు మొదలుపెట్టాడు. ఆయన వీపు తప్ప ఏమీ కనపడటం లేదు. భుజం కదులుతోంది, సుద్దముక్క కదులుతోంది. గాజు అవతల ఎవరో ఏదో చేస్తున్నట్టుంది. ఒక్క నిమిషానికే ఆమెకు దిగులేసింది. జులై నెలంతా ఈ పిల్ల ఇలాగే కూర్చుంది. తను కసిరినప్పుడు కూడా ఇలాగే కూర్చుంది.

సంపత్ వెనక్కి తిరిగాడు. రెండు చెవులూ సారు వైపు పెట్టి, కళ్లు ఆమె మీద పెట్టాడు. విన్నదంతా చెప్పడం లేదు వాడు. సారు పది మాటలు చెబితే వాడు మూడు ఏరుకుంటున్నాడు. పెదవులు స్పష్టంగా, తొందర లేకుండా కదుపుతున్నాడు. ఆమె కనుబొమ ముడిపడగానే ఆగాడు. అరచేతిని రొట్టెలా చాచి, ఇంకో చేత్తో దాన్ని నాలుగు ముక్కలు కోసి, మూడు తీసి సంచిలో వేసుకున్నట్టు చూపించాడు. నాలుగింట మూడు వంతులు. ఆమె తలూపాకే ముందుకు కదిలాడు. కుడి పక్క పిల్ల సంపత్ నోటుబుక్కులో లెక్క రాసిపెడుతోంది. ఎడమ పక్క పిల్లవాడు సారు ఎప్పుడు ఇటు తిరుగుతాడో చూసి సంపత్ మోచేతి మీద తడుతున్నాడు. తడితే వాడు ముందుకు తిరుగుతాడు, సారు అటు తిరగగానే మళ్లీ ఇటు. ఎక్కడా తడబాటు లేదు. గది నిండా ఒక పని నడుస్తోంది. రోజూ నడిచిన పనే. దాని నడుమ నిలబడి ఇన్నాళ్లూ ఆమె పటాలు గీసింది.

టీచరు ట్రైనింగులో చదివిన పుస్తకాలు, వేసవి సెలవుల్లో కూర్చున్న శిక్షణలు, రాసిన రిపోర్టులు అన్నీ ఆమెకు ఆ నిమిషంలో గుర్తొచ్చాయి. ప్రతి పిల్లకూ తగ్గట్టు చెప్పాలని ఎన్నిసార్లు రాసిందో. ఏ పుస్తకమూ చదవని ఏడేళ్ల పిల్లలు ఈ పని మొదలుపెట్టారు. ఎదుటి మనిషికి అర్థమైందో లేదో కళ్లలో చూసి తెలుసుకుని, అర్థమయ్యాకే అడుగు ముందుకేశారు. ఇది పాఠం చెప్పడం కాకపోతే మరేమిటి? తను పద్నాలుగేళ్లుగా చేసిందేమిటి? చెవుల్లో దూదితో, చిన్న బెంచీలో ఇరుక్కుని, లిదియా టీచర్ ఆ పిల్లల్ని చర్చిలో కూర్చుని చూసినట్టు చూసింది.

పీరియడు అయ్యాక దూది తీసి అడిగింది. "సార్లకు, టీచర్లకు కూడా చేతి గుర్తులున్నాయా?"

ఉన్నాయన్నారు. బాలనర్సయ్య సారుకు మీసం. దివాకర్ సారుకు జేబులో పెన్ను.

"నాకు?"

కృపాజ్యోతి కిటికీలోంచి బయటకు చూసింది. చివరికి ఆ పొట్టివాడు, శనివారం వంతు వాడు, ఏమీ ఎరగనట్టు తన చెయ్యి వెనక్కి పెట్టి వీపు మీద రెండుసార్లు తట్టుకున్నాడు.

సాయంత్రం బడి వదిలాక లిదియా టీచర్ కామారెడ్డి బస్సు ఎక్కలేదు. కృపాజ్యోతిని వెంటబెట్టుకుని పోచవ్వ ఇంటికి వెళ్లింది. అంతకు ముందే బాలనర్సయ్య సారుతో అంతా మాట్లాడింది. పిల్ల పేరు రాసి పంపితే చెవుల పరీక్ష చేసి మిషన్లు ఇప్పిస్తారనీ, ఎల్లారెడ్డి నుంచి ఇలాంటి పిల్లల కోసం ఉండే టీచరు వచ్చి చూస్తుందనీ, పిల్లను ఈ బడి నుంచి కదిలించే పనే లేదనీ ఆయన ఖాయంగా చెప్పాడు. ఆ మాట మూటగట్టుకుని వచ్చింది.

పోచవ్వ అరుగు మీద పెసరకాయలు ఒలుస్తోంది. లేవలేదు.

"ఏం టీచరమ్మా, పిల్ల పేరు కొట్టేసి చెప్పిపోదామని వచ్చినవా?"

"లేదవ్వా. తీసుకుపోదామని వచ్చాను."

"ఏడికి?" పోచవ్వ చేతులు ఆగిపోయాయి. "నా తమ్ముని కొడుకుండె జుక్కల్ల. ఇట్లనే ఇనకపోతుండె. మంచిగ సదివిస్తమని దూరం తోలుకపోయిన్రు. ఆరేండ్లకొచ్చిండు. తల్లి ఎదురువోతే ఎవరన్నట్టు చూసిండు. మా మాట వానికి తెల్వదు, వాని సైగలు మాకు తెల్వయి. ఇంట్లున్న చుట్టమే అయ్యిండు. నా మనుమరాలిని గట్ల ఇయ్య."

లిదియా టీచర్ అరుగు కింద నిలబడి, బాలనర్సయ్య సారు చెప్పినదంతా చెప్పింది. ఎక్కడికీ పంపరంది. కావాలంటే కాగితం మీద రాసిస్తానంది. పోచవ్వ విన్నది. చాలాసేపు ఆమె మొహంలోకి చూసి, నిజమే చెబుతోందని తేల్చుకున్నట్టుంది, మళ్లీ కాయలు ఒలవసాగింది.

"మంచిగున్నదమ్మా. కని నేను ఆపలే. అదే పోతలేదు. దాన్నే అడుగు."

అప్పుడే అనిల బర్రెలను కొట్టంలో కట్టేసి వచ్చింది. టీచర్ని చూసి గుమ్మం దగ్గర ఆగిపోయింది. కృపాజ్యోతి చేతులతో ఏదో చెప్పింది. అనిల అడ్డంగా తలూపి, వేళ్లతో గబగబా జవాబిచ్చింది. మనుషులు నిలబడ్డట్టు రెండు వేళ్లు అరచేతి మీద నిలబెట్టింది. ఇంకో రెండు, ఇంకో రెండు. చివర్న తన గుండె మీద వేలు పెట్టుకుంది.

"ఏమంటోంది?" అంది లిదియా టీచర్.

కృపాజ్యోతి ఆ వేళ్ల వైపే చూస్తూ చెప్పింది. "దాని కోసం మేమందరం నిలవడ్డమంట. పదకొండు మంది నిలవడ్డ నాడు లెక్క పెట్టిందట. రెండు మార్కులొచ్చినయని మేం మల్ల తిరుగుతమంట, మల్ల నిలవడ్తమంట. అది రాకుంటే మమ్ముల ఎవ్వరు నిలవెట్టరు కదా అంటున్నది. అందుకే రాదంట."

లిదియా టీచర్ కళ్ల ముందు ఆ రోజు నిలబడ్డ తలలన్నీ కదిలాయి. చదువు ఎక్కక మానేసిందనుకున్నాడు తండ్రి. పరధ్యానమనుకుంది తను. పన్నెండేళ్ల పిల్ల, తోటివాళ్ల కాళ్ల నొప్పి లెక్కపెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా తన చదువు వదిలేసుకుంది. సిగ్గుతో ఆమె తల దానంతటదే వంగిపోయింది. నేల చూస్తూ అంది.

"తప్పు నాది అనిలా. వాళ్లు అల్లరి చేస్తున్నారనుకున్నాను. నీకు చదువు అందకుండా చేసింది నేనే. నన్ను క్షమించు."

ఆమె నేల మీది నుంచి చూపు తియ్యకుండానే, "చెప్పు కృపా, నేనన్నది చెప్పు" అంది.

"నేను చెప్ప టీచర్."

లిదియా టీచర్ ఉలిక్కిపడింది.

"పాఠమైతే అందిస్త. ఇది మీరే చెప్పున్రి. తల ఎత్తి చెప్పున్రి టీచర్. కిందికి చూస్తే దానికేం తెలుస్తది?"

తప్పు ఒప్పుకునేటప్పుడు తల వంచాలని ఆమెకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. ఆ తల ఎత్తడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఎత్తింది. కళ్ల నిండా నీళ్లు. అనిల మొహం మసకగా కనపడింది. ముందు చెప్పిందంతా మళ్లీ మొదటి నుంచి చెప్పింది. సగంలో ఏడుపు తన్నుకొచ్చింది.

అనిల రెండడుగులు ముందుకు వేసింది. టీచర్ నోటి వైపే చూస్తూ, ముద్దముద్దగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది.

"ఏడ్వకుండ చెప్పున్రి టీచర్. పెదవులు వణికితే తెలుస్తలేదు."

లిదియా టీచర్ కొంగుతో కళ్లు, మొహం అంతా తుడుచుకుంది. ఊపిరి తీసుకుంది. మూడోసారి చెప్పింది. ఒక్కో మాటా నిలిపి, తొందర లేకుండా, ఎదుటి కళ్లలో ఆ మాట దిగిందో లేదో చూసుకుని, దిగాకే తరువాతి మాటకు వెళ్తూ చెప్పింది. జీవితంలో ఏ పాఠమూ ఆమె అలా చెప్పలేదు. అనిల చివరి మాట దాకా ఆమె పెదవుల మీద నుంచి కళ్లు తియ్యలేదు.

తరువాత ఏమీ అనకుండా ఇంట్లోకి వెళ్లిపోయింది. పోచవ్వ చేతిలో కాయ చేతిలోనే ఉంది.

అనిల బడి సంచితో బయటకొచ్చింది. అందులోంచి సోషల్ నోటుబుక్కు తీసి, జులై నెల తెల్ల పేజీలు విప్పి అరుగు మీద పెట్టింది.

"రేపు బడికొస్త. కని ఇవన్ని రాసుకోవాలె" అంది. కృపాజ్యోతి వైపు ఓరగా చూసి, "ఇది సగం సగం చెప్తది. మీరే చెప్పున్రి."

"అరె, పొద్దుగాల కల్వర్టు మీద నిలవడి చెప్పిన నీకు!" అని కృపాజ్యోతి కయ్యిమంది.

లిదియా టీచర్ చెప్పులు విడిచి అరుగెక్కింది. పోచవ్వ పెసరకాయల గంప పక్కకు జరిపి చోటిచ్చింది. టీచర్ అనిలకు ఎదురుగా కూర్చుంది.